ఫోన్ కొన్నవారిది, తాళం తయారీదారుది

మొబైల్ ఫోన్‌లో గోప్యత అనగానే చర్చ సాధారణంగా యాప్‌ల దగ్గర మొదలై యాప్‌ల దగ్గరే ఆగిపోతుంది. ఏ యాప్ కాంటాక్టులు అడుగుతోంది, ఏది లొకేషన్ చూస్తోంది, దేనికి మైక్ అనుమతి ఇవ్వకూడదు అన్న జాగ్రత్తలు పత్రికల్లోనూ యూట్యూబ్‌లోనూ నిత్యం వినిపిస్తూనే ఉంటాయి. ఈ జాగ్రత్తలు అవసరమే గానీ, వాటన్నిటికీ ఆధారం ఒక నమ్మకం: అనుమతి నిరాకరించినప్పుడు ఆ నిరాకరణను అమలు చేసే వ్యవస్థ ఒకటి యాప్‌ల కింద ఉన్నదని, అది ఫోన్ కొన్న మనిషి పక్షాన పనిచేస్తుందని. ఆ వ్యవస్థే ఆపరేటింగ్ సిస్టమ్. తెర వెలగడం నుంచి సిగ్నల్ అందుకోవడం దాకా ఫోన్‌లోని ప్రతి పనినీ నడిపించే మూల సాఫ్ట్‌వేర్ అది. దానికే ఫోన్ యజమానితో పొందిక లేని ప్రయోజనాలు ఉన్నప్పుడు పైనున్న యాప్‌లను ఎంత కట్టడి చేసినా ఫలితం పరిమితమే. ఈ ఆలోచనతోనే గత పదిహేనేళ్లలో గోప్యతను ప్రధాన లక్ష్యంగా పెట్టుకున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లు కొన్ని పుట్టాయి. గ్రాఫీన్ ఓఎస్, ఈ-ఓఎస్, ప్యూర్ ఓఎస్ వంటివి వాటిలో ముఖ్యమైనవి. వాటి చరిత్రను కొంచెం దగ్గరగా పరిశీలిస్తే, ఆ వ్యవస్థల బాగోగులను నిర్ణయించింది వాటిని రాసిన ప్రోగ్రామర్ల ప్రతిభ కంటే ఫోన్లు తయారు చేసే కంపెనీల సుముఖతేనని తెలుస్తుంది.

ముందుగా ఆండ్రాయిడ్ నిర్మాణం అర్థం కావాలి. గూగుల్ 2005లో కొనుగోలు చేసి 2008లో తొలి ఫోన్‌తో విడుదల చేసిన ఈ వ్యవస్థలో రెండు భాగాలున్నాయి. మొదటిది సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూలపాఠం, అందరికీ ఉచితంగా దొరికే భాగం; దీన్ని ఎవరైనా తీసుకొని మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రెండవది ప్లే స్టోర్, ప్లే సర్వీసెస్, మ్యాప్స్ వంటివి ఉన్న గూగుల్ సొంత భాగం. దీని మూలపాఠం ఎవరికీ కనపడదు, గూగుల్‌తో ఒప్పందం చేసుకున్న తయారీదారులకు మాత్రమే ఇది అందుతుంది. షాపులో కొనే ఫోన్‌లో ఈ రెండింటితోపాటు చిప్ తయారు చేసిన కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్, ఫోన్ బ్రాండు తాను కలిపిన యాప్‌లు, తెర అలంకారాలు కూడా ఉంటాయి. మామూలు యాప్‌కు అనుమతి ఇవ్వడమా మానడమా అన్నది వినియోగదారుడి చేతిలో ఉంటుంది గానీ, ప్లే సర్వీసెస్ వంటి వ్యవస్థాగత భాగాలకు ఫోన్ ఫ్యాక్టరీ దాటకముందే విశేషాధికారాలు దక్కుతాయి.

ఈ విశేషాధికారాల పర్యవసానాన్ని డబ్లిన్ నగరంలోని ట్రినిటీ కాలేజీ ఆచార్యుడు డగ్లస్ లీత్ 2021లో కొలిచి చూపించారు. ఏ పనీ చేయకుండా బల్ల మీద ఊరికే పడి ఉన్న ఫోన్ కూడా సగటున నాలుగున్నర నిమిషాలకొకసారి తన కంపెనీతో మాట్లాడుతోందని, ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్‌కు, ఐఫోన్ ఆపిల్‌కు ఐఎంఈఐ సంఖ్య, సిమ్ కార్డు వివరాలు వంటి గుర్తింపు సమాచారాన్ని పంపుతున్నాయని ఆ పరిశోధన తేల్చింది. లెక్కకట్టిన పద్ధతిలో లోపాలున్నాయని గూగుల్ అభ్యంతరం చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో లీత్ మరికొందరు పరిశోధకులతో కలిసి శామ్‌సంగ్, షావోమీ, హువావే, రియల్‌మీ ఫోన్లను, వాటితోపాటు ఆండ్రాయిడ్‌కు స్వతంత్ర రూపాంతరాలైన లీనియేజ్ ఓఎస్, ఈ-ఓఎస్ వేసిన ఫోన్లను కూడా పరీక్షించారు; తయారీదారులే ముందుగా పెట్టి పంపిన మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ వంటి ఇతర కంపెనీల వ్యవస్థాగత యాప్‌లు కూడా సమాచారం పంపుతున్నట్లు అందులో కనిపించగా, దాదాపు ఏమీ పంపనిదిగా ఈ-ఓఎస్ ఒక్కటే నిలిచింది. ఒకే రకం ఆండ్రాయిడ్ పునాది మీద కట్టిన వ్యవస్థల మధ్య ఇంత తేడా రావడం గమనించదగ్గ విషయం. సమాచారం బయటికి పోవడం సాంకేతిక అనివార్యత కాదనీ, ఎవరో తీసుకున్న వ్యాపార నిర్ణయమనీ అది రుజువు చేస్తోంది.

అటువంటప్పుడు తయారీదారులే గోప్యత ఉన్న వ్యవస్థను వేసి అమ్మవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. చాలాకాలం వారికి ఆ స్వేచ్ఛ లేదు. ప్లే స్టోర్ కావాలనుకునే కంపెనీ గూగుల్‌తో ‘విచ్ఛిన్న నిరోధక ఒప్పందం’ మీద సంతకం చేయాల్సి వచ్చేది. గూగుల్ ఆమోదించని ఆండ్రాయిడ్ రూపాంతరంతో ఒక్క మోడల్‌నైనా అమ్మబోనని దాని సారాంశం. 2012లో తైవాన్ కంపెనీ ఏసర్, చైనాలోని అలీబాబా రూపొందించిన అలీయున్ వ్యవస్థతో ఫోన్ విడుదల చేయడానికి సిద్ధమై, గూగుల్ అభ్యంతరంతో ఆఖరి నిమిషంలో కార్యక్రమాన్నే రద్దు చేసుకోవడం ఆ నిబంధన బలాన్ని లోకానికి తెలియజేసింది. ఐరోపా కమిషన్ 2018 జులైలో ఈ ఒప్పందాలను పోటీ చట్టానికి విరుద్ధమని ప్రకటించి 434 కోట్ల యూరోల జరిమానా విధించగా, 2022లో అక్కడి జనరల్ కోర్టు ఆ నిర్ణయాన్ని చాలావరకు సమర్థిస్తూ మొత్తాన్ని 412.5 కోట్లకు తగ్గించింది. భారతదేశంలోని కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఇదే తరహా నిర్ణయానికి వచ్చి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో కొన్నింటిని కొట్టివేసింది. ఈ కేసుల వార్తలు వ్యాపార పేజీలకే పరిమితమయ్యాయి గానీ, వాటిలో తేలింది ప్రతి ఫోన్ వినియోగదారుడికీ సంబంధించిన విషయం: ఫోన్ లోపల ఏం ఉండాలో నిర్ణయించే పూర్తి అధికారం ఫోన్ తయారు చేసినవాడికి కూడా లేకపోయింది.

తయారీదారుకూ స్వతంత్ర ఆపరేటింగ్ సిస్టమ్‌కూ కుదిరిన పొత్తు ఎలా నడుస్తుందో, ఎలా తెగుతుందో తెలుసుకోవడానికి సయానోజెన్‌మాడ్ కథను మించిన ఉదాహరణ లేదు, పైగా దాని కీలక ఘట్టం భారతదేశంలోనే జరిగింది. స్టీవ్ కాండిక్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2009లో మొదలుపెట్టిన ఈ వ్యవస్థ, ఆండ్రాయిడ్ మూలపాఠాన్ని తీసుకొని దాన్ని శుభ్రపరచి, వేగం పెంచి, ఏ యాప్‌కు ఏ సమాచారం ఇవ్వాలో యజమానే నిర్ణయించుకునే ప్రైవసీ గార్డ్ వంటి సదుపాయాలను కలిపి ఉచితంగా పంచింది. అదే ఏడాది గూగుల్ యాప్‌లను అనుమతి లేకుండా కలిపి పంచుతున్నందుకు గూగుల్ నుంచి నోటీసు రావడంతో, మూలపాఠం స్వేచ్ఛ వేరు, యాప్‌ల హక్కు వేరు అన్న సంగతి ఔత్సాహికులందరికీ మొదటిసారి తెలిసివచ్చింది. 2013లో సయానోజెన్ ఒక కంపెనీగా మారింది. మరుసటి ఏడాది చైనా బ్రాండు వన్‌ప్లస్ తన తొలి ఫోన్‌ను ఆ వ్యవస్థతోనే విడుదల చేసింది. అయితే భారత మార్కెట్‌కు ఆ ఫోన్ వచ్చే సమయానికి సయానోజెన్ కంపెనీ మైక్రోమాక్స్‌తో, దాని ‘యు’ బ్రాండు కోసం, ఈ దేశానికి ప్రత్యేక హక్కుల ఒప్పందం చేసుకుంది. 2014 డిసెంబరులో మైక్రోమాక్స్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లగా వన్‌ప్లస్ వన్ అమ్మకాలపై తాత్కాలిక నిషేధం వచ్చి, కొద్ది రోజులకే ధర్మాసనం దాన్ని ఎత్తివేసింది. అప్పటికే ఫోన్ కొన్న భారతీయులకు మాత్రం తమ చేతిలోని ఫోన్‌కు అప్‌డేట్‌లు వస్తాయా రావా అన్నది రెండు కంపెనీల మధ్య వ్యాజ్యంగా మారింది.

వన్‌ప్లస్ ఆ అనుభవం నుంచి నేర్చుకున్న పాఠం సొంత వ్యవస్థను రాసుకోవడం. 2015లో ఆక్సిజన్ ఓఎస్ అలా వచ్చింది. సయానోజెన్ కంపెనీ 2016 డిసెంబరు 31న తన సేవలన్నిటినీ మూసివేసింది. ఆ కంపెనీతో పాటు శ్రమ అంతా సమాధి కాకుండా ఆపింది మూలపాఠం బహిరంగంగా ఉండడమే. స్వచ్ఛంద ప్రోగ్రామర్లు కొద్ది రోజుల్లోనే దాన్ని లీనియేజ్ ఓఎస్ అన్న కొత్త పేరుతో కొనసాగించారు. నేడు గోప్యత పేరుతో ఉన్న అనేక వ్యవస్థలకు, ముఖ్యంగా ఈ-ఓఎస్‌కు, అదే పునాది.

ఇక ఈ వ్యాసానికి ప్రాణమైన తాళం సంగతికి రావాలి. ఫోన్ ఆన్ చేయగానే తెర మీద బ్రాండు గుర్తు కనిపించే ఆ కొద్ది క్షణాల్లో బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ పనిచేస్తుంది. లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారీదారు తన డిజిటల్ సంతకంతో ముద్రవేసి పంపాడా, మధ్యలో ఎవరైనా ఒక్క అక్షరమైనా మార్చారా అని అది లెక్క చూస్తుంది. సంతకం సరిపోతేనే ముందుకు సాగుతుంది. ఇది నిజంగా మేలు చేసే రక్షణ, ఎందుకంటే దొంగిలించిన ఫోన్‌లో గానీ, సర్వీసు సెంటర్‌లో కాసేపు వదిలిన ఫోన్‌లో గానీ ఎవరూ దొంగ సాఫ్ట్‌వేర్ దూర్చకుండా ఇది కాపలా కాస్తుంది. అయితే ఆ సంతకాన్ని పోల్చి చూసే తాళం తయారీదారు ఒక్కరి పేరుతోనే చిప్‌లో నాటి ఉంటే, ఫోన్ యజమాని తాను నమ్మిన మరో వ్యవస్థను వేసుకోవడానికి ఈ కాపలాయే అడ్డుపడుతుంది. చాలా బ్రాండ్ల ఫోన్లలో యజమానికి రెండే దారులు మిగులుతాయి: తయారీదారు ఇచ్చినదాన్ని తాళంతో సహా స్వీకరించడం, లేదా తాళం పూర్తిగా తీసేసి కాపలా లేని ఫోన్‌తో బతకడం. మూడో దారి, అంటే యజమాని తనకు నచ్చిన వ్యవస్థను వేసి, ఆ వ్యవస్థ సంతకంతోనే మళ్లీ తాళం వేసుకోవడం, అతి కొద్ది ఫోన్లలోనే సాధ్యం.

గూగుల్ తయారు చేసే పిక్సెల్ ఫోన్లు ఆ కొద్దివాటిలో ఉన్నాయి. అందుకే గ్రాఫీన్ ఓఎస్ ఇంతకాలం పిక్సెల్ మీద తప్ప మరే ఫోన్ మీదా అధికారికంగా నడవలేదు. గూగుల్ సేవల నుంచి దూరం కోరుకునేవారు గూగుల్ ఫోన్‌నే కొనవలసి రావడం చాలామందికి మింగుడుపడదు గానీ, కారణాలు పూర్తిగా సాంకేతికమైనవి. పాస్‌వర్డ్‌ను ఊహిస్తూ పదే పదే ప్రయత్నించేవారిని నిలువరించే టైటన్ ఎం అనే ప్రత్యేక భద్రతా చిప్ 2018 నుంచి పిక్సెల్‌లలో ఉంది. 2023లో వచ్చిన పిక్సెల్ 8 నుంచి మెమరీ ట్యాగింగ్ అనే సదుపాయం తోడైంది. ఫోన్ మెమరీలోని ప్రతి చిన్న గదికీ ఒక గుర్తు కట్టి, తప్పుడు గుర్తుతో ఆ గదిలోకి రాబోయిన ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ఆపివేసే ఏర్పాటు ఇది. అదే పిక్సెల్ 8 నుంచి ఏడేళ్లపాటు భద్రతా సవరణలు ఇస్తామని గూగుల్ హామీ ఇచ్చింది. ఒక స్వచ్ఛంద బృందం తన శక్తితో సృష్టించుకోలేనివి ఇవన్నీ. తయారీదారు ఇస్తేనే ఉంటాయి.

పిక్సెల్‌లో తాళం మార్చే ప్రక్రియను వరుసగా చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’లోకి వెళ్లి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ అనే దాగి ఉన్న పుట తెరుచుకుంటుంది; అందులో ‘ఓఈఎం అన్‌లాకింగ్’ అనే మీటను ఆన్ చేసి, ఫోన్‌ను ఆఫ్ చేసి, శబ్దం తగ్గించే బటన్‌ను నొక్కిపట్టి మళ్లీ ఆన్ చేస్తే బూట్‌లోడర్ తెర వస్తుంది. కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి బ్రౌజర్ ద్వారానే అన్‌లాక్ ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఫోన్ తన తెర మీద యజమాని సమ్మతిని అడిగి, శబ్దం బటన్‌తో ఎంచుకొని పవర్ బటన్‌తో ఖాయం చేసిన తరువాత, లోపలున్న ఫొటోలు, సందేశాలు అన్నిటినీ చెరిపివేస్తుంది. దొంగ చేతికి ఫోన్ చిక్కినా తాళం తీసే ప్రయత్నంలో పాత సమాచారం దక్కకూడదన్నది ఈ చెరిపివేత ఉద్దేశం. కొత్త వ్యవస్థను ఎక్కించాక మళ్లీ లాక్ ఆజ్ఞ ఇస్తే మరోసారి అంతా చెరిగి, ఫోన్ కొత్త సంతకంతో మూసుకుంటుంది. అప్పటి నుంచి ఆన్ చేసిన ప్రతిసారీ పసుపు రంగు హెచ్చరికతో వేరే వ్యవస్థ నడుస్తున్న సంగతిని, దాని తాళపు గుర్తింపు అక్షరాలను ఫోన్ చూపిస్తుంది. ఆ అక్షరాలను గ్రాఫీన్ బృందం ప్రకటించిన వాటితో పోల్చి చూసుకుంటే లోపలున్నది అసలైనదో కాదో యజమానికే తెలిసిపోతుంది. ఎవరి దయా అవసరం లేకుండా తన ఫోన్‌ను తాను పరీక్షించుకోగల ఈ స్థితి మామూలు వినియోగదారుడికి ఇప్పటివరకు దక్కిన హక్కుల్లో చాలా విలువైనది.

లోపల కూడా తేడా కనిపిస్తుంది. టార్చి యాప్‌కు ఇంటర్నెట్ ఎందుకని అనుమానం వస్తే, గ్రాఫీన్ ఓఎస్‌లో ఆ యాప్‌కు నెట్‌వర్క్ అనుమతిని పూర్తిగా తీసివేయవచ్చు. కాంటాక్టులు ఇస్తే తప్ప పనిచేయనని మొండికేసే యాప్‌కు ఖాళీ జాబితాను గానీ, ఎంచిన నాలుగు పేర్లను గానీ చూపి సరిపెట్టవచ్చు. వరుసగా పద్దెనిమిది గంటలపాటు ఎవరూ తెరవని ఫోన్ తనంతట తాను రీస్టార్ట్ అయి, సమాచారాన్ని మళ్లీ పూర్తి గూఢలిపి రక్షణలోకి తెచ్చుకుంటుంది. గూగుల్ ప్లే కావాలనుకునేవారు దాన్ని వేసుకోవచ్చు, అయితే అది అక్కడ విశేషాధికారాలేవీ లేని మామూలు యాప్‌గానే నడుస్తుంది.

సంతకపు తాళం ఎంత సున్నితమైనదో గ్రాఫీన్ బృందం పూర్వ చరిత్రే చెబుతుంది. కెనడాకు చెందిన డేనియల్ మైకే 2014లో ప్రారంభించిన పని మొదట కాపర్‌హెడ్ ఓఎస్ పేరుతో ఒక కంపెనీ ద్వారా సాగింది; 2018లో భాగస్వాముల మధ్య వివాదం ముదిరి సంతకపు తాళాలు నాశనం కావడంతో, అప్పటికే ఆ వ్యవస్థ వాడుతున్నవారి ఫోన్లకు అప్‌డేట్‌లు ఆగిపోయాయి. 2019 నుంచి గ్రాఫీన్ ఓఎస్ పేరుతో సాగుతున్న ప్రయత్నానికి 2023లో లాభాపేక్ష లేని ఫౌండేషన్ ఏర్పడింది. తాళం ఏదో ఒక చేతిలో ఉండక తప్పదు గనుక, ఆ చేయి ఎవరిదన్న ప్రశ్న స్వతంత్ర వ్యవస్థలకూ వర్తిస్తుంది.

మిగతా తయారీదారులు మూడో దారిని ఎందుకు తెరవడం లేదు? వారి వాదనలో న్యాయం లేకపోలేదు: తాళం తీసిన ఫోన్ పాడైతే వారంటీ ఎవరు భరించాలి, దొంగ ఫోన్ల వ్యాపారం పెరగదా, మధ్య దళారులు మార్చిన సాఫ్ట్‌వేర్‌తో అమ్మితే చెడ్డపేరు ఎవరికి అన్నవి వారి ప్రశ్నలు. కానీ వాటిలో చాలా వరకు పిక్సెల్ ఏర్పాటులో సమాధానం దొరుకుతూనే ఉంది కాబట్టి, ముందుగా యాప్‌లు పెట్టినందుకు, ప్రకటనలు చూపినందుకు వచ్చే ఆదాయం కూడా ఇక్కడ పనిచేస్తోందని అనుకోక తప్పదు. హువావే 2018లో తాళం తీసే సంకేతాలు ఇవ్వడం మానేసింది. షావోమీ దరఖాస్తు చేసుకొని రోజుల తరబడి వేచి ఉండే పద్ధతి పెట్టింది. శామ్‌సంగ్ ఫోన్లలో తాళం తీస్తే నాక్స్ అనే భద్రతా ఏర్పాటులోని ఒక అతిసూక్ష్మమైన ఫ్యూజ్ చిప్‌లో కాలిపోయి, ఫోన్‌ను మళ్లీ పూర్వస్థితికి తెచ్చినా కొన్ని సదుపాయాలు శాశ్వతంగా పోతాయి. మన శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ నుంచి షావోమీ రెడ్‌మీ 2 ప్రైమ్ తయారై బయటికి వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అది పండుగ వార్త అయింది. ఫోన్ కూర్పు ఈ గడ్డ మీద జరగడం గర్వించదగినదే, అయితే దాన్ని తెరిచే తాళం మీద ఇక్కడి కార్మికుడికి గానీ, కొనుగోలుదారుడికి గానీ, ప్రభుత్వానికి గానీ ఏ అధికారమూ దానితో రాలేదు.

తయారీదారు సుముఖంగా ఉన్నా పని పూర్తికాదని నెదర్లాండ్స్‌లోని ఫెయిర్‌ఫోన్ అనుభవం తెలియజేస్తుంది. ఫోన్‌లోని చిప్‌ను, కెమెరాను, మోడెమ్‌ను నడిపించే సూక్ష్మ సాఫ్ట్‌వేర్ చిప్ కంపెనీ సొత్తు. దాని మూలపాఠం ఫోన్ తయారీదారుకు కూడా పూర్తిగా అందదు. 2015 చివర్లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 2లోని క్వాల్‌కామ్ చిప్‌కు ఆండ్రాయిడ్ 6తోనే చిప్ కంపెనీ మద్దతు నిలిచిపోయింది. ఫెయిర్‌ఫోన్ కంపెనీ లీనియేజ్ ఓఎస్ స్వచ్ఛంద ప్రోగ్రామర్లు చేసిన పనిని ఆధారం చేసుకొని అదే ఫోన్‌ను ఆండ్రాయిడ్ 10 దాకా తీసుకెళ్లి, 2023 మార్చి వరకు, అంటే ఏడేళ్లకు పైగా, సవరణలు అందించింది. స్వతంత్ర బృందాలు తయారీదారు మీద ఆధారపడడమే తెలిసిన లోకంలో, ఒక తయారీదారు వారి మీద ఆధారపడి తన మాట నిలబెట్టుకున్న అరుదైన సందర్భం ఇది, పరస్పర గౌరవంతో ఈ సంబంధం ఎలా ఉండవచ్చో చూపించే సందర్భం కూడా. మాండ్రేక్ లైనక్స్ స్థాపకుడు గేల్ దువాల్ ఆరంభించిన ఈ-ఓఎస్‌ను ఆయన మురేనా సంస్థ ఫెయిర్‌ఫోన్లలో ముందే వేసి అమ్ముతోంది. కేబుల్, ఆజ్ఞల జోలికి పోలేని సామాన్యుడికి గోప్యత చేరే మార్గం ఇదే.

ఆండ్రాయిడ్‌నే వదిలి, ఫోన్‌ను కూడా తామే తయారు చేసుకోవాలన్న ప్రయత్నాలు మరికొన్ని జరిగాయి. అమెరికాలోని ప్యూరిజం సంస్థ 2017లో ప్రజల విరాళాలతో మొదలుపెట్టిన లిబ్రెమ్ 5లో కెమెరా-మైక్‌కు, వైఫైకి, సెల్యులార్ మోడెమ్‌కు వేర్వేరుగా మూడు భౌతిక మీటలుంటాయి. మీట ఆపితే ఆ భాగానికి కరెంటే అందదు గనుక ఏ సాఫ్ట్‌వేరూ మోసం చేయలేదు. ధర, మందమైన ఆకారం, యాప్‌ల కొరత దాన్ని కొద్దిమందికే పరిమితం చేశాయి. ఫిన్లాండ్‌లో నోకియా మాజీ ఇంజనీర్లు స్థాపించిన జొల్లా వారి సెయిల్‌ఫిష్ వ్యవస్థతో 2016లో ఇంటెక్స్ కంపెనీ ఆక్వా ఫిష్ అనే ఫోన్‌ను 5,499 రూపాయలకు భారత్‌లో అమ్మింది. అలవాటైన యాప్‌ల ముందు అది నిలవలేదు.

యాప్‌ల సమస్య భారతీయులకు మరింత తీవ్రమైనది, ఎందుకంటే కూరగాయల బండి దగ్గర నుంచి కరెంటు బిల్లు దాకా ఇప్పుడు చెల్లింపు యూపీఐ మీదే నడుస్తోంది. చెల్లింపు యాప్‌లు, బ్యాంకు యాప్‌లు తాము నడుస్తున్న ఫోన్ నమ్మదగినదేనా అని తెలుసుకోవడానికి గూగుల్ అందించే ‘ప్లే ఇంటెగ్రిటీ’ పరీక్షను వాడుతుంటాయి. గూగుల్ ధ్రువీకరించిన వ్యవస్థ కాకపోతే ఆ పరీక్షలో పై మెట్లు దక్కవు. అందువల్ల గోప్యతా వ్యవస్థ వేసుకున్న ఫోన్‌లో కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేస్తాయి, కొన్ని తెరుచుకోనే తెరుచుకోవు. ఏళ్ల తరబడి భద్రతా సవరణ ఒక్కటీ అందని పాత ధ్రువీకృత ఫోన్ ఈ పరీక్ష మధ్య మెట్టులో నెగ్గగలిగి, నిన్నటి సవరణ కూడా అందుకున్న గ్రాఫీన్ ఫోన్ ఓడిపోవడం భద్రత దృష్ట్యా సమర్థించలేనిది. ఫోన్ చిప్ నుంచే నేరుగా తాళపు గుర్తింపును అడిగి సరిచూసుకునే వేరే పద్ధతి ఆండ్రాయిడ్‌లోనే ఉంది. బ్యాంకులు ఆ గుర్తింపులను తమ జాబితాలో చేర్చుకుంటే సరిపోతుందని గ్రాఫీన్ బృందం అడుగుతూ వస్తోంది. గోప్యత కోసం ఫోన్ మార్చుకున్న మనిషికి సొంత బ్యాంకు ఖాతా అందకుండా పోవడం న్యాయం కాదు, ఈ విషయంలో మన బ్యాంకులు తమంతట తాము చొరవ చూపాలి.

తయారీదారు చేతిలోని తాళం వ్యాపారానికే కాక ప్రభుత్వాలకు కూడా దారి చూపుతుందని 2025 నవంబరు చివర్లో దేశమంతా చూసింది. పోయిన ఫోన్లను వెతికేందుకు, మోసాలను తెలియజేసేందుకు ఉద్దేశించిన సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో ముందే పెట్టాలని, ఇప్పటికే తయారైనవాటికి అప్‌డేట్ ద్వారా పంపాలని టెలికాం శాఖ తయారీదారులను 90 రోజుల గడువుతో ఆదేశించింది. తీవ్ర నిరసనల మధ్య డిసెంబరు 3న ఆ తప్పనిసరి షరతును ఉపసంహరించుకుంది. యాప్ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ అరడజను కంపెనీలకు ఒక ఉత్తర్వు పంపితే కోట్లాది మంది ఫోన్ల లోపలికి, వారిని అడగకుండానే, ఏదైనా చేర్చవచ్చన్న వాస్తవం ఆ కొద్ది రోజుల్లో బట్టబయలైంది. 2023 జనవరిలో ఐఐటీ మద్రాసులో రూపుదిద్దుకున్న భార్ ఓఎస్‌ను కేంద్ర మంత్రులు పరీక్షించి చూపినప్పుడు స్వదేశీ వ్యవస్థ వచ్చిందన్న సంతోషం వ్యక్తమైంది. ముందుగా ఏ యాప్‌లూ పెట్టకపోవడం అందులోని మంచి గుణం. అయినా వ్యవస్థ ఏ దేశంలో తయారైందన్నదాని కంటే, దాని మూలపాఠాన్ని ఎవరైనా పరిశీలించగలరా, దాని తాళాన్ని యజమాని మార్చగలడా అన్నవే గోప్యతకు అసలైన గీటురాళ్లు.

2025లోనే గూగుల్ వైపు నుంచి ద్వారాలు మరికొంత మూసుకున్నాయి. ఆండ్రాయిడ్ అభివృద్ధి అంతా తెర వెనుక జరుగుతుందని, పూర్తయిన తరువాతే మూలపాఠం బయటపెడతామని మార్చిలో ప్రకటించారు. జూన్‌లో ఆండ్రాయిడ్ 16 మూలపాఠం వచ్చినప్పుడు, అంతకుముందు దానితోపాటు ఇచ్చే పిక్సెల్ ఫోన్ల ప్రత్యేక ఆకృతీకరణ ఫైళ్లు రాలేదు. ఒక ఫోన్ లోపలి భాగాలు ఎలా అమర్చి ఉన్నాయో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే పటం వంటివి ఆ ఫైళ్లు. అవి లేకపోతే స్వతంత్ర బృందాలు ప్రతిదాన్నీ ఊహించి తిరిగి రాసుకోవాలి. ఆగస్టులో మరో ప్రకటన వచ్చింది: 2026 సెప్టెంబరు నుంచి మొదట నాలుగు దేశాల్లో, ఆపైన క్రమంగా ప్రపంచమంతటా, గూగుల్ దగ్గర గుర్తింపు నమోదు చేసుకోని డెవలపర్ల యాప్‌లను ధ్రువీకృత ఆండ్రాయిడ్ ఫోన్లలో వేసుకోవడానికి వీలుండదని.

ఒకే తయారీదారు మీద ఆధారపడడంలోని ప్రమాదం ఇలా కళ్లముందుకు వచ్చిన ఆ ఏడాదిలోనే, అక్టోబరులో, ఒక పెద్ద ఆండ్రాయిడ్ తయారీ కంపెనీతో కలిసి పనిచేస్తున్నామని, ఆ కంపెనీ రాబోయే మోడళ్లను తమ భద్రతా షరతులకు తగినట్లు రూపొందిస్తోందని గ్రాఫీన్ బృందం వెల్లడించింది. మెమరీ ట్యాగింగ్ చిప్‌లోనే ఉండాలి, సవరణలు సకాలంలో రావాలి, వేరే వ్యవస్థ వేశాక ఆ వ్యవస్థ సంతకంతో మళ్లీ తాళం పడాలి అన్నవి ఆ షరతుల్లో ముఖ్యమైనవి. తయారీదారు ఇచ్చినదానితో సర్దుకోవడం నుంచి, ఏం ఇవ్వాలో ముందే కూర్చొని మాట్లాడుకునే దశకు ఈ సంబంధం చేరడం పదేళ్ల శ్రమకు దక్కిన ఫలితం. ఈలోగా కొత్త ఫోన్ కొనబోయేవారు తమకు నచ్చిన మోడల్‌లో, అటువంటి ఫోన్ ఉన్న స్నేహితుడి దగ్గరైనా సరే, బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కి ఓఈఎం అన్‌లాకింగ్ మీటను ఒకసారి చూడవచ్చు. కొన్ని ఫోన్లలో అది కదులుతుంది, కొన్నింటిలో బూడిద రంగులో కదలకుండా ఉంటుంది, కొన్నింటిలో ఆ వరుసే కనిపించదు.